జేజి నేర్పని వాక్యం

ప్రొద్దుటూరు హాస్టల్లో చేరిన నాలుగో రోజున ప్రార్థన చెప్పే వంతు నాకు వచ్చింది.

అది క్రైస్తవ ఆడపిల్లల హాస్టలు. పొద్దున టిఫినుకు ముందు అందరం హాల్లో చాపల మీద కూర్చుంటాం. ఒకరు ముందుండి పరలోక ప్రార్థన ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం. ప్రార్థన రాక కాదు. తొమ్మిదేళ్ళ వయసు నుంచీ అది నాకు నోటికి వచ్చు. మా నాయన వాళ్ళమ్మ, మా జేజి నేర్పింది.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. తండ్రి నామం, రాజ్యం, చిత్తం, అనుదినాహారం దాకా బాగానే సాగింది. అక్కడ అలవాటు ప్రకారం ఒక ఊపిరి పీల్చుకుని, మమ్మల్ని శోధనలోకి తేవద్దనే మాటకు వెళ్ళిపోయాను. నా వెనక అరవై మంది అమ్మాయిలు ఇంకేదో చెబుతున్నారు. నేను ఆగలేదు. వాళ్ళూ ఆగలేదు. వాళ్ళకంటే చాలా ముందుగా ఆమెన్ దగ్గరికి చేరుకుని, అక్కడ ఒంటరిగా నిలబడ్డాను.

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. వార్డెనమ్మ కూడా పెదవి కొరుక్కుంది.

"నడిమధ్య ఒక వాక్యం యాడ పారేసుకొనొస్తివి పాపా?" అంది.

నా పక్క మంచం అమ్మాయిది కొంటె నోరు. "మేడమ్, ఆ పాపకు ముక్కాలు ప్రార్థనే వచ్చు" అంది. ఆ రోజు నుంచి హాస్టల్లో నా పేరు ముక్కాలు.

గదికి పోయి బైబిలు తీశాను. నేను దాటేసిన మాట అక్కడుంది. మా మీద తప్పు చేసినవాళ్ళను మేము క్షమించినట్టే మా తప్పులను నువ్వు క్షమించు అనే మాట. ఆ పేజీ అంతకు ముందు ఎన్నిసార్లు చదివానో. కానీ చిన్నప్పుడు నోటికి పట్టిన దాన్ని కళ్ళు మళ్ళీ వెతకవేమో. కథల పుస్తకాలకు పేపరు అట్టలు వేసుకుని దాచుకుని చదివే నాకు ఇంత పెద్ద వాక్యం కనపడకపోవడం కంటే సిగ్గు ఇంకొకటి లేదు.

మరి మా ఊరి గుడిలో ఆదివారం ఆదివారం అందరూ చెబుతారు కదా, అప్పుడైనా చెవిన పడలేదా అని మీరు అడగొచ్చు. మేం చర్చిని గుడి అనే అంటాం. మా ఊరి గుడిలో ఆ చోటికి వచ్చేసరికి అందరి గొంతులూ ఒక్కసారిగా కిందికి పడిపోయేవి. ఒకరు దగ్గేవాళ్ళు, ఒకరు కొంగు సర్దుకునేవాళ్ళు, మగవాళ్ళ వైపు నుంచి తుమ్మెదల మోత లాంటి గొణుగుడు వినపడేది. శోధన దగ్గరికి రాగానే గొంతులు మళ్ళీ లేచేవి. అది జనం ఊపిరి పీల్చుకునే చోటనుకున్నాను. అన్ని ఊళ్ళలోనూ అక్కడ అలాగే పీల్చుకుంటారనుకున్నాను.

ఆ శనివారం ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కి ఊరికి పోయాను. జేజి అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు వలుస్తోంది. ఆమె కళ్ళకు అప్పటికే పొరలు కమ్మి, మనుషులను అడుగుల చప్పుడును బట్టే గుర్తుపట్టేది.

"జేజీ, నాకు ప్రార్థనలో ఒక వాక్యం యాల నేర్పలే?"

ఆమె చేతులు ఆగలేదు. "యా వాక్యం?" అని కూడా అడగలేదు.

"నేను అనలేని మాట నీకెట్ల నేర్పేది? దొంగసాక్ష్యం గాదా అది?"

"అందరూ నవ్విరి."

"నవ్వనీలే. దేవుడు నవ్వలేదు గదా" అని ఒక పప్పు నోట్లో వేసుకుంది.

అప్పుడు నాకు వరసగా అన్నీ గుర్తొచ్చాయి. నెలకొకసారి గుడిలో ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం. ప్రసంగం అయిపోయి అయ్యగారు బల్ల మీది తెల్లగుడ్డ తీసేవేళకు జేజి చెప్పులేసుకుని బయట వేపచెట్టు కిందికి పోయేది. నడుము నొప్పి అనుకునేదాన్ని. చాప మీద రెండు గంటల పాటలకు లేని నొప్పి, రొట్టె విరిచేటప్పుడే ఎందుకొస్తుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా చీనీ చెట్లు నరికేశారు.

మా ఊర్లో ఇద్దరు పెద్దమనుషులు ఉండేవాళ్ళు. ఒకాయన ఈ పార్టీ, ఇంకొకాయన ఆ పార్టీ. మా క్రైస్తవుల వీధిలో పైసగం ఈయన వెనక, కిందివీధి అని మేం పిలిచే కిందిసగం ఆయన వెనక. మాకంటూ వేరే పగలేమీ లేవు. వాళ్ళ పగలే మాకు పంచినారు. మాది పైసగం. ఒక ఎలక్షన్ అయిపోయిన వారంలో తెల్లారేసరికి మా జేజినాయన పెంచిన చీనీ తోటలో, అదే బత్తాయి తోటలో, ఒక్క చెట్టూ నిలబడి లేదు. కాయలు గోళీల్లా నేలంతా దొర్లుతున్నాయి. మేం పిల్లలం ఏరుకుని తిన్నాం, ఏడ్చే పెద్దవాళ్ళను చూస్తూనే. రెండేళ్ళకు జేజినాయన జొరమొచ్చి పోయాడు. డాక్టరు జొరమన్నాడు, జేజి చెట్లన్నది.

నరికినవాళ్ళలో కిందివీధి తాత ఒకడు. జేజి కోపం మాత్రం ఆయన మీద కంటే ఆయన భార్య మీద ఎక్కువ. ఆ అవ్వా మా జేజీ ఇద్దరూ దువ్వూరు పక్క ఒకే ఊరి ఆడబిడ్డలు. ఒకరి తర్వాత ఒకరు మా ఊరికి కోడళ్ళుగా వచ్చారు. జేజి ఒక్క ఏడాది పెద్ద, అందుకని ఆమె జేజిని అక్కా అనేది. ఆ ముందు రోజు సాయంత్రం ఇద్దరూ బావి దగ్గర నీళ్ళు తోడుకున్నారు. ఆమెకు సంగతి తెలుసు. జేజి చేత బిందె తలకెత్తించుకుని, ఒక్క మాట అనకుండా వెళ్ళిపోయింది.

"నరికేవాడు నరుకుతాడు, వాని చేతిలో గొడ్డలుండె. దాని నోట్లో నాలికుండె గదా" అనేది జేజి. తొమ్మిదేళ్ళుగా ఇద్దరూ ఒకే గుడిలో, రెండు చాపల మీద, ఒకరికొకరు వీపు తిప్పుకుని కూర్చునేవాళ్ళు.

ఆ ఏడే ఇంకో వింత జరిగింది. మళ్ళీ ఎలక్షన్లు వస్తున్నాయనగా మా ఊరి పెద్దమనుషులిద్దరూ ఒకే పార్టీలో కలిసిపోయారు. పులివెందుల బజార్లో ఒకే జీపులో పక్కపక్కన కూర్చుని పోతుంటే జనం బజ్జీలు తినడం ఆపి చూశారట. వాళ్ళ కోసం కేసుల్లో ఇరుక్కున్నవాళ్ళు మాత్రం ఇంకా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నారు.

మా నాయన నవ్వుతూ అన్నాడు, "వాళ్ళే కలిసిపోయిరి, నీదేందిమ్మా ఇంకా?"

"వాళ్ళది రాజీ నాయనా" అంది జేజి. "రాజీ పడితే ఇద్దరికీ ఏదో ఒకటి దొరుకుతాది. ఈడ నాకు ఏం దొరుకుతాదని రాజీ పడాల?"

ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఎరువుల అంగడి వాళ్ళు నాయనకు ఇచ్చిన పాత డైరీ అది. పేజీకొక యూరియా బస్తా బొమ్మ. క్షమించడం, రాజీపడడం ఒకటి కాదని నాకు మొదట చెప్పింది క్షమించలేక కూర్చున్న మనిషే.

దసరా సెలవుల్లో జేజి కంటి ఆపరేషన్‌కు జమ్మలమడుగు ఆసుపత్రిలో బుధవారానికి రమ్మన్నారు. ఆ ముందు ఆదివారమే గుడిలో సంస్కారం. జేజికి కత్తి అంటే భయం. పైకి మాత్రం వేరేగా చెప్పింది.

"బల్ల మీదనే పోయినాననుకో. తొమ్మిదేండ్లుగా ప్రభువు బల్ల ముట్టనిదాన్ని, ఏ ముఖం పెట్టుకొని పోతా ఆయన కాడికి? ఈ ఆదివారం నేను రొట్టె తీసుకోవాల్సిందే."

"తీసుకో జేజీ, ఎవరొద్దన్నారు?"

"ఎవురూ వద్దనలే. నేనే అంటాండా. దాన్ని క్షమించకుండా తీసుకుంటే దొంగతనం గదా. అది ఎట్ల చెయ్యాల్నో నువ్వు పుస్తకంలో చూసి చెప్పు."

ఊరగాయ ఎట్ల పెట్టాల్నో చెప్పు అన్నట్టే అడిగింది. ఆదివారానికి ఆరు రోజులున్నాయి. ముందు అయ్యగారిని పిలిపించింది. ఆయన కొత్తగా గుంటూరు వైపు నుంచి వచ్చిన కుర్రాయన. మా మాట ఆయనకు సగమే అర్థమయ్యేది.

"హృదయపూర్వకంగా క్షమించాలి అమ్మగారూ" అన్నాడు.

"అయ్యా, హృదయం నా చేతిలో ల్యా. నా చేతిలో ఉండేదేదన్నా చెప్పు."

అయ్యగారు మజ్జిగ తాగి, ప్రార్థన చేసి వెళ్ళిపోయాడు. పాపం, ఆ ప్రార్థనలో నడుము నొప్పి గురించి కూడా అడిగాడు.

ఇక మిగిలింది నేను. మూడు రోజులు అరుగు మీద కూర్చుని, క్షమాపణ మాట వచ్చిన చోటల్లా వెతికి చదివి వినిపించాను. తప్పిపోయిన కొడుకు కథ విని, "ఆ ముసలాయనకు కొడుకు గాబట్టి సరిపోయె" అంది. ఏడు డెబ్భైల మార్లు క్షమించమన్న మాట విని, "నాకు ఒకమారే కావడం ల్యా" అంది. గురువారం పొద్దున ఇంకో చోటు చదివాను. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినప్పుడు, నీ సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలిపెట్టి ముందు వెళ్ళి అతనితో సమాధానపడు, తర్వాత వచ్చి అర్పించు అనే చోటు.

జేజి చెయ్యెత్తి ఆపింది.

"ఇంకోసారి సదువు."

చదివాను.

"ఆడ 'మనసు మార్చుకో' అని ఉందా, 'పో' అని ఉందా?"

"ముందు పో అనే ఉంది."

"మనసు గురించి ఏం రాయలేదా?"

"ఈ చోట లేదు జేజీ."

"కాళ్ళతో అయ్యే పనైతే అయితాది" అని ఆమె ముఖం తేటపడింది.

చదివేవాళ్ళకు ఉండే పాడు బుద్ధి నాకూ ఉంది. "కానీ జేజీ, ఈడ ఆమెకు నీ మీద ఏమన్నా ఉంటే పొమ్మని ఉంది. నీకు ఆమె మీద ఉంటే కాదు" అన్నాను.

"దానికి నా మీద ఏముంటాది?" అంది, చటుక్కున. తర్వాత చెనిక్కాయల చాట ముందుకు లాక్కుంది.

మధ్యాహ్నం గూట్లోంచి ఊరగాయ జాడీ దింపింది. ఆ ఊరగాయ సంగతి చెప్పాలి. చీనీ మొక్కను జంబేరి నిమ్మ మొక్క మీద అంటు కడతారు. వేరు జంబేరిది, కాయ చీనీది. మా చెట్లలో ఒకదాన్ని అంటుకు కిందుగా నరికారు. ఆ మోడు చిగిర్చి చెట్టయింది కానీ చీనీ చెట్టు కాలేదు. కింది జంబేరే పైకొచ్చి, నాలుక తెగేంత పుల్లటి కాయలు కాసింది. దాన్ని పీకెయ్యమని నాయన అంటే జేజి వినలేదు. సాక్షి చెట్టు అనేది. ఆ కాయలతో ఏటా ఊరగాయ పెట్టి వీధి వీధంతా పంచేది, ఒక్క ఇల్లు తప్ప.

"ఇది ఇచ్చి రాపో" అంది.

"నేనా? నిన్ను పొమ్మని రాసుంటే!"

"నాకు కండ్లు కనపడతాండాయా? కాళ్ళు నీవి, పోవడం నాది. పో."

కిందివీధికి నేను తొమ్మిదేళ్ళుగా పోలేదు. జాడీని కడుపుకు హత్తుకుని, తల దించుకుని, అరుగుల మీది ఆడవాళ్ళ మాటలు ఒక్కొక్కటే ఆగిపోవడం వింటూ నడిచాను. ఆ అవ్వ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. జాడీ ఆమె ముందు పెట్టాను.

ఆమె నన్నూ జాడీనీ మార్చి మార్చి చూసింది. నేనెవరో అడగలేదు. మూత తీసి, చిటికెన వేలితో అంచు మీది పులుసు తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమోనని నాకు భయమేసింది.

"పోయినేటి కంటే ఈ యేడు ఉప్పు తక్కువేసింది. పో, చెప్పు మీ జేజికి" అంది.

ఉరుకుతూ ఇంటికొచ్చి అలాగే చెప్పాను. జేజి మంచం మీద లేచి కూర్చుంది.

"ఉప్పు తక్కువా? నా ఊరగాయలోనా? అసలు దానికి ఉప్పు కారం తెలుసునంట్నా? పెండ్లైన కొత్తలో అది పెట్టిన మామిడికాయ బూజు పడితే..." అని హఠాత్తుగా ఆగింది. "అమ్మీ, పోయినేటిది దానికెట్ల తెలుసు?"

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. అంటే నేను చూశాను, ఆమె నా వైపు తిరిగింది.

వీధి మలుపులో సాయిబుల ఇంట్లో కుట్టుమిషనామె ఉంది. మొగుడు కువైట్‌లో ఉంటాడు. రెండు సగాల రవికెలూ ఆమే కుడుతుంది. ఊరగాయ సంగతేందని జేజి కేకేస్తే మెడలో టేపుతోనే వచ్చింది.

"ఔ పెద్దమ్మా, నేనే ఇస్తాంటి. నువ్వు నాకిచ్చిన దాంట్లో సగం, ప్రతి ఏడూ. ఆమె అడగలే. మొదటేడు మా ఇంట్లో అన్నం తింటా అది నోట్లో పెట్టుకొని, ఇది అక్క చెయ్యి అనె. చెట్టు నీది, పంచేది నా ఇష్టం గదా. కోపమొచ్చిందా?"

"కోపమా?" అంది జేజి. తర్వాత ఆమె భుజాలు కదలడం మొదలైంది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వింది. "ఆరేండ్లుగా ముద్ద ముద్దకూ నన్ను తింటాంది, ముండ!" అంది. తొమ్మిదేళ్ళలో జేజి ఆమెను పేరు లేని 'అది' అనడమే విన్నాను. తిట్టు వినడం అదే మొదలు. తిట్టులో కూడా ఎంత ఆప్యాయత ఉంటుందో ఆ రోజు తెలిసింది.

మళ్ళీ నన్ను పంపింది. "ఉప్పు తక్కువైతే వచ్చి ఏసిపొమ్మను."

నేను చెప్పి వచ్చాను. పొద్దు వాలుతుండగా జేజి చెనిక్కాయలు పక్కకు జరిపి చెవి రిక్కించింది. అడుగుల చప్పుడును బట్టి అందరికంటే ముందే గుర్తుపట్టింది.

ఆ అవ్వ చంకలో జాడీతో, పిడికిట్లో కల్లుప్పుతో వచ్చి అరుగు ముందు నిలబడింది. వందనాలు లేవు, బాగున్నావా లేదు. కూర్చుని, జాడీ మూత తీసి, ఉప్పు చల్లుతూ గరిటెతో కలపడం మొదలుపెట్టింది.

"చాలు మే, సముద్రం చేస్తాండావు" అంది జేజి.

"నీకు నాలికెకు గూడ పొరలు కమ్మినాయిలే అక్కా."

కొంచెంసేపు గరిటె చప్పుడే. నేను గడప లోపల నక్కి కూర్చున్నాను.

"ఆ పొద్దు బావికాడ నాతో బిందె ఎత్తించుకుంటివే" అంది జేజి, నెమ్మదిగా. "నోట్లో ఒక మాట రాకపోయెనా?"

"రాలే."

"యాల?"

"చెప్పింటే ఏం చేస్తాంటివి? మీ ఆయనకు చెప్పవా?"

జేజి ఆలోచించింది. "చెప్తాంటి."

"మీ ఆయన మీవోళ్ళకు చెప్తాండె. మీవోళ్ళు తోటలో కాసుకుంటాండిరి. మావోడు ఆడనే పోతాండె. ఒక పక్క నీ చెట్లు, ఒక పక్క నా మొగుడు. నేను నా మొగుణ్ణి కోరుకుంటి. తప్పు గాదనను. తప్పే. మళ్ళా ఆ పొద్దొచ్చినా అదే చేస్తా, అదీ చెప్తాండా."

"ఆ తప్పే అనే మాటకు తొమ్మిదేండ్లు పట్టెనా నీకు?"

"నువ్వు అడిగితివా? ఎదురైతే గోడను చూసినట్ల చూస్తివి."

గరిటె ఆగింది. ఈసారి ఆ అవ్వ గొంతు మారింది.

"మా అమ్మ సచ్చిపోతే నువ్వు రాలే."

జేజికి తల్లి లేదు. చిన్నప్పుడు ఆమె తల దువ్వి జడ వేసింది ఈ అవ్వ వాళ్ళమ్మే. ఆ సంగతి నాకు జేజే ఎన్నోసార్లు చెప్పింది. ఆవిడ పోయిన రోజు మాత్రం జేజి దువ్వూరు పోలేదు. ఇంట్లో తలుపేసుకుని పడుకుంది.

"కన్నబిడ్డ నేను, మట్టేసినా. పెంచినబిడ్డ యాడని ఊరంతా అడిగిరి. ఏం చెప్పాల అక్కా నేను?"

నాకు ఆ పొద్దున చదివిన చోటు గుర్తొచ్చింది. నీ మీద ఎవరికైనా ఏదైనా ఉంటే. జేజికీ అదే గుర్తొచ్చినట్టుంది. గుడ్డి చేత్తో వెతుక్కుని ఆమె మోకాలు పట్టుకుంది.

"నాదీ తప్పే మే" అంది.

అంతే. వాళ్ళిద్దరూ కౌగిలించుకోలేదు. ముక్కులు చీదుకున్నారు. తర్వాత జేజి, "అరవై చెట్లే!" అంది, ఆఖరుసారిగా అన్నట్టు.

"అరవై రెండు. వాటికి నీళ్ళు పోసింది నువ్వొక్కదానివేనా?" అంది ఆ అవ్వ.

ఆదివారం గుడికి నేను జేజిని నడిపించుకుని పోయాను. కాసేపటికి కింది సగం చాప మీద నుంచి ఆ అవ్వ లేచి, మధ్యలోని ఖాళీ దాటుకుని వచ్చి మా చాప మీద, జేజి పక్కన చతికిలబడింది. గుడి మొత్తం చూసింది. పాట ఎత్తుకున్నవాళ్ళు రెండో చరణం మరిచిపోయి మొదటిదే మళ్ళీ పాడారు.

పరలోక ప్రార్థన వచ్చింది. అనుదినాహారం దగ్గరికి వచ్చేసరికి ఎప్పటిలాగే గొంతులు పడిపోయాయి. ఈసారి గొణుగుడు కూడా లేదు, దగ్గు లేదు. అప్పుడర్థమైంది, జేజి ఆ మాట మింగేస్తుందని నాకే కాదు, గుడికంతా తెలుసని. అందరూ ఆమె కోసం ఆగారు. అయ్యగారొక్కడే ఏమీ తెలియక ముందుకు పోయి, వెనక ఎవరూ రాకపోవడంతో కళ్ళు తెరిచాడు.

జేజి నోరు తెరిచింది, మూసింది. పక్కనున్న అవ్వ మోచేత్తో పొడిచింది.

"అనవే అక్కా, ఆకలైతాంది."

జేజి అంది. అందరికంటే ముందుగా, ఒంటరిగా. పుస్తకం భాషలో కాదు, మా భాషలో. "మాకు చెడు చేసినోళ్ళను మేం క్షమించినట్ల, మా చెడు నువ్వు క్షమించు నాయనా." తర్వాత పైసగంలో ఒకరు, కిందిసగంలో ఇద్దరు, అలా చెదురుమదురుగా ఆ వాక్యం గుడంతా పాకింది. ప్రార్థనలో ఎవరు ఎక్కడున్నారో తెలియకపోయేసరికి అయ్యగారు చేతులెత్తి, "మళ్ళీ మొదటినుంచి చెప్పుకుందాం" అన్నాడు.

ఆ రోజు జేజి వేపచెట్టు కిందికి పోలేదు. ఆ అవ్వ చెయ్యి పట్టుకుని ముందుకు పోయి మోకరించింది. రొట్టె తీసుకున్నాక ద్రాక్షరసం గిన్నె కనపడక పక్కకు చేయి చాపితే, ఆ అవ్వే సరైన చోటికి తిప్పింది.

బయటికి వచ్చాక కిందివీధి తాత దూరంగా నిలబడి, "వందనాలక్కా" అన్నాడు. జేజి "ఊ" అని నడిచిపోయింది.

"ఆయన్ను క్షమించలేదా జేజీ?" అని గుసగుసగా అడిగాను.

"దేవునికి చెప్పినా, ఆయన్ను గూడ అని. ఆయనకు చెప్పేదానికి ఇంకా టయిం పడ్తాది. నేనేమన్నా యంత్రమా?"

జమ్మలమడుగుకు ఆసుపత్రిలో తోడుగా ఆ అవ్వే వచ్చింది. సంగటి, ఊరగాయ కట్టుకొచ్చి, నర్సులకు కూడా రుచి చూపించింది. కట్టు విప్పిన రోజు జేజి కళ్ళు చికిలించి ముందు నన్ను, తర్వాత ఆమెను చూసింది.

"ఇంత ముసల్దానివి ఎప్పుడైతివి మే?"

"నర్సును అద్దమడిగి నీ ముఖం చూసుకో ముందు."

సెలవులైపోయి హాస్టలుకు వచ్చేటప్పుడు జేజి నాకొక చిన్న సీసా ఊరగాయ కట్టిచ్చింది. పొద్దున ప్రార్థనలో ఆ వాక్యం దగ్గర నేనిప్పుడు దాటిపోవడం లేదు కానీ, అందరికంటే ఒక మాట వెనకపడుతున్నాను. చెప్పే ముందు ఎవరి గురించో ఒక్కసారి తలుచుకోవాలి కదా. నాకు మొదటిసారే దొరికిన మనిషి నా పక్క మంచం అమ్మాయి, నాకు ముక్కాలని పేరు పెట్టిన పిల్ల.

మనసు ఎంతసేపటికీ రాకపోయేసరికి జేజి పద్ధతే పాటించాను. సీసా పట్టుకుని నాలుగడుగులు వేసి ఆమె మంచం మీద పెట్టాను. ఆ పిల్ల వేలితో తీసి నాకి, ముఖం చిట్లించింది.

"ఉప్పెక్కువైంది ముక్కాలూ" అంది, ఇంకో ముక్క తీసుకుంటూ.